నేల రొద

నేల కింద గొట్టం ఎక్కడ చిల్లుపడిందో చెవితో విని చెప్పగలిగినవాళ్ళు ఆ రోజుల్లో డేజాన్ నగరం మొత్తం మీద నలుగురో అయిదుగురో ఉండేవారు. వాళ్ళలో ప్యో జొంగ్‌దల్ ఒకడు. యాభై నాలుగేళ్ళ మనిషి, బక్కపలచన, మాట తక్కువ. అతని పనిముట్టల్లా రొమ్ము ఎత్తున్న ఇనుప కడ్డీ, దాని పైకొనకు గుండ్రటి బిళ్ళ. కడ్డీని నేలకు ఆనించి, బిళ్ళకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఇంట్లోవాళ్ళు ఊపిరి బిగబట్టుకుని చూసేవారు. నాలుగుచోట్ల వినేవాడు. అయిదోచోట మేజోడు తొడిగిన బొటనవేలితో నేల మీద తట్టి "ఇక్కడ" అనేవాడు. పగలగొడితే నీళ్ళు అక్కడే ఉండేవి. చారెడు చోటు తవ్వితే సరిపోయేది, ఇల్లంతా గోతులు చేయాల్సిన పని ఉండేది కాదు.

అతనికి పనంతా సొల్‌మే అపార్ట్‌మెంట్ల నుంచే వచ్చేది. పన్నెండు వందల కాపురాలు, పాత కట్టడం, నేలల కింద వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ పారే అరిగిపోయిన రాగి గొట్టాలు. ఎప్పుడూ ఎవరింట్లోనో ఏదో ఒకటి కారుతూనే ఉండేది. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు ఫోను చేసేవారు, ఇతను కడ్డీ భుజాన వేసుకుని వెళ్ళేవాడు. ఆ గేటు పక్కనే అతని భార్య ఒక్‌బున్‌కు కింబాప్ దుకాణం, అన్నమూ కూరముక్కలూ సముద్రపు నాచులో చుట్టి అమ్మేది. పని లేని పూట అక్కడే కూర్చుని ముల్లంగి ముక్కలు తరిగిపెట్టేవాడు.

రోజంతా చెవిలో పడేది పాడైపోయిన వాటి చప్పుడే. ఇంటికొచ్చాకైనా మంచి చప్పుడు వినాలని ఏళ్ళ తరబడి కోరిక. చివరికి ఒక మార్చి నెలలో, మెట్రో స్టేషను మూడో గేటు దగ్గర, ముక్కూమొహం తెలియని మనిషి నుంచి వాడిన రిసీవర్ ఒకటి కొన్నాడు. ఏడు స్పీకర్లనూ ఒక బాస్ పెట్టెనూ ఒకేసారి నడిపే యంత్రం. సినిమాలో వాన పడితే మన నెత్తి మీదే పడుతున్నట్టుంటుంది. గుర్రం వెనకనుంచి వస్తే మెడ తిప్పి చూస్తాం. దాన్ని గుండెలకు హత్తుకుని మూడంతస్తులు ఎక్కించాడు.

"ఏంటయ్యా ఇది, కిమ్చీ ఊరగాయ జాడీ మీద పెట్టే రాయా?" అంది ఒక్‌బున్, కిందినుంచి ఒక చెయ్యి వేస్తూ.

"మాట్లాడకు, పట్టుకో."

ఆ రిసీవర్‌తో పాటు చిన్న మైకు ఒకటి వచ్చింది. సోఫాలో మనిషి తల ఉండేచోట దాన్ని నిలబెట్టాలి. అప్పుడు యంత్రం ఒక్కో స్పీకరు నుంచి "వూఁప్... వూఁప్" అని కూతలు పెట్టి, తిరిగొచ్చిన చప్పుడు విని, గదికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. ఆ అయిదు నిమిషాలు ఇంట్లో ఈగ కూడా వాలకూడదు. ఒక్‌బున్ చేతులు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చుంది. నాలుగో కూత దగ్గర కుక్కర్ ఆవిరి వదిలింది. జొంగ్‌దల్ తల పట్టుకుని మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. రెండోసారి అంతా సవ్యంగా జరిగి, చివర్లో తెర మీద ఏదో ఇంగ్లీషులో వచ్చింది. ఎడమ స్పీకరు గురించి. కింద రెండు మాటలు, ఒకటి మళ్ళీ చూసుకోమని, ఒకటి దాటెయ్యమని. జొంగ్‌దల్ దాటెయ్యమన్న దాన్ని నొక్కాడు. ఈ భూమ్మీద రిసీవర్ కొన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు నొక్కే మీటే అది. ఇతని బతుకంతా తలకిందులైంది మాత్రం ఆ నొక్కుడుతోనే.

మూడు నెలలు సంతోషంగా గడిచాయి. ఆ సంతోషంలోనే, ఊళ్ళో ఇలాంటి యంత్రాలున్న వాళ్ళ మండలిలో చేరాడు. నెలకో ఆదివారం మధ్యాహ్నం ఒకరింట్లో కలిసి, ఆ ఇంటి యంత్రం వినడం, పళ్ళు తినడం, మెచ్చుకోవడం. మెచ్చుకోవడం అక్కడ మర్యాద. మండలి కార్యదర్శి పేరు నా గితే, 'నా' అన్నది ఇంటిపేరు. అందరికీ తలలో నాలుక. ప్రెసిడెంటు కూ బొన్‌సూ. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. సొల్‌మేలో కాపురమున్నవాళ్ళ సంఘానికీ ఆయనే ప్రెసిడెంటు. మండలిలో ఆయన్ను బంగారు చెవి అనేవారు. వినబడేలా అంటే ఆయన కాదనేవాడు కాదు.

జూన్‌లో జొంగ్‌దల్ వంతు వచ్చింది. ఒక్‌బున్ దుకాణం మూసి, పుచ్చకాయ కోసి పళ్ళెంలో సర్దింది. కూ బొన్‌సూ నడిమి కుర్చీలో కూర్చుని ఒక పాట విన్నాడు. రెండో పాట సగంలో చెయ్యెత్తి ఆపించాడు. లేచి ఎడమ స్పీకరు వెనక్కి వెళ్ళి, ఫోను లైటు వేసి వంగి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా ప్యో, ఎర్ర తీగ నల్లదాన్లో, నల్ల తీగ ఎర్రదాన్లో పెట్టావు. కుడి స్పీకరు ఊదుతుంటే ఎడమది పీలుస్తోంది! ఎన్నాళ్ళనుంచి ఇలా వింటున్నావ్?"

"మార్చి నుంచండీ..."

"మూడు నెలలు! మూడు నెలలు దీన్ని కూర్చుని విన్నావా? విని ఆనందించావా?" ఆయన అందరివైపూ తిరిగాడు. "మా అపార్ట్‌మెంట్లలో నేల కింద నీళ్ళు వినేది ఈయనేనండోయ్! ఇదేం చెవయ్యా, మొద్దుచెవి!"

అందరూ పడీపడీ నవ్వారు. గుమ్మంలో ఒక్‌బున్ పుచ్చకాయ పళ్ళెంతో నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు, లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు. జొంగ్‌దల్‌కు చచ్చిపోవాలనిపించింది. అబద్ధమైతే తిట్టి పంపేవాడు. ఆ మనిషి చెప్పింది నిజం. తీగలు తారుమారైన మాట నిజం, తనకు తెలియని మాటా నిజం. అందుకే కడుపు అంతగా మండింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. జూలైలో అయిదో బ్లాకులో ఎవరింట్లోనో గొట్టం పగిలింది. ఆఫీసు మేనేజరు అలవాటు కొద్దీ ప్యోను పిలుద్దామన్నాడు. కూ బొన్‌సూ నవ్వి, "ఆ మొద్దుచెవినా? తీగలే వినలేని మనిషి నీళ్ళేం వింటాడు? మిషన్లున్న కంపెనీవాళ్ళను పిలవండి" అన్నాడట. ఆయనకది సరదా మాట. మేనేజరుకు ప్రెసిడెంటు మాట. ఆ నెలనుంచి జొంగ్‌దల్ ఫోను మూగబోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "మొద్దుచెవి గారూ, భోంచేశారా?" అని పలకరించడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరేళ్ళు చెవిని నమ్ముకున్నవాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుకాణంలో ముల్లంగి తరిగాడు. తరిగే ప్రతి ముక్కా కూ బొన్‌సూ చెవే అనుకున్నాడు.

పగ తీర్చుకోవాలని ఉంది, దారి లేదు. ఆ దారి అక్టోబరులో కాళ్ళ కిందే దొరికింది.

ఆ నెల వంతు కూ బొన్‌సూది. కొత్త రిసీవర్ కొని మూడో బ్లాకు 801లో, తన ఇంట్లో పెట్టాడు. నా గితే దుకాణానికొచ్చి బతిమాలాడు. "అన్నగారూ, మీరు రాకపోతే అలిగారంటారు. ఇంకా నవ్వుతారు. వచ్చి కూర్చుని ఒక పండు తినేసి పోండి."

జొంగ్‌దల్ వెళ్ళాడు. హాల్లో ఏడుగురు నేల మీద కూర్చున్నారు. ఎదురుగా నల్లటి అరలో కొత్త రిసీవర్, చిన్న నీలం దీపంతో వెలుగుతోంది. కూ బొన్‌సూ దాన్ని ఎప్పుడూ ఆపేవాడు కాదు. "యంత్రం చల్లబడితే శబ్దం బిగుసుకుపోతుంది. మళ్ళీ విచ్చుకోవడానికి మూడు రోజులు పడుతుంది. నా ఇంట్లో కరెంటు పోతే తప్ప ఇది ఆగదు" అనేవాడు. మండలిలో చాలామందిది అదే నమ్మకం.

రెండు పాటలయ్యాక ఆయన తనకిష్టమైన విద్య చూపించాడు. ఏ పాటా పెట్టకుండా వాల్యూము పూర్తిగా పెంచాడు. మంచి యంత్రమైతే అప్పుడు కూడా ఏమీ వినబడకూడదు. కొంచెం నాసిదైతే పాటల అడుగున "స్స్..." అని ఒక సన్నటి రొద మిగులుతుంది. దాన్ని మండలివాళ్ళు నేల రొద అంటారు. అన్ని శబ్దాలకూ అడుగున, నేలలా పరుచుకుని ఉంటుందని ఆ పేరు.

"వినండి. నిశ్శబ్దం వినండి" అన్నాడు కూ బొన్‌సూ. అందరూ తలలు వంచారు. కొద్దిసేపటికి ఆయన మొహం చిట్లించాడు. "ఉంది. నేల రొద ఉంది. ఇంత పెట్టి కొన్నదానికి ఇదేంటి?"

నిజమే, ఉంది. ఆ మాటకొస్తే ఆయన చెవి గట్టిదే. కానీ జొంగ్‌దల్ ఇరవై ఆరేళ్ళుగా విన్న చప్పుడది. సూది బెజ్జమంత చిల్లులోంచి వేణ్ణీళ్ళు ఒత్తిడితో చిమ్ముతుంటే రాగి గొట్టం చేసే చప్పుడు. పైగా అతను కూర్చున్నచోట ఎడమ మడమ కింద నేల వెచ్చగా ఉంది. ఇంకా ఎవరూ ఇళ్ళల్లో నేల కింది గొట్టాల్లో వేణ్ణీళ్ళు పారించి గది వెచ్చబెట్టుకునే కాలం కాదది. కాలు జానెడు పక్కకు జరిపాడు, చల్లగా ఉంది. వెనక్కి తెచ్చాడు, వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం నేరుగా రిసీవర్ ఉన్న అర కిందికి పోతోంది.

ఒక్కసారి మీట నొక్కి ఆ నీలం దీపం ఆర్పేస్తే చాలు, రొద రిసీవర్‌ది కాదని చంటిపిల్లాడికైనా తెలిసిపోతుంది. జొంగ్‌దల్ నోరు తెరిచాడు. "ప్రెసిడెంటు గారూ, అది..."

"నువ్వు చెప్పక్కర్లేదులేవయ్యా" అన్నాడు కూ బొన్‌సూ, అతని వైపు చూడకుండానే. "మొద్దుచెవి వినే వ్యవహారం కాదిది. ద్రాక్షపళ్ళు తిను."

జొంగ్‌దల్ నోరు మూశాడు. ఒక ద్రాక్షపండు తీసుకుని తొక్క వలిచి నోట్లో వేసుకున్నాడు. జూన్ తర్వాత మళ్ళీ తిండి రుచి తెలిసింది అప్పుడే.

ఆ శరదృతువూ శీతాకాలమూ అతనికి పండగే. కూ బొన్‌సూ ముందు తీగలు మార్చాడు. తర్వాత గోడలోని ప్లగ్గు మార్పించాడు. డిసెంబరులో రిసీవరే మార్చి ఇంకోటి తెచ్చాడు, ఇంకా పెద్దది, ఇద్దరు మోసుకొచ్చారు. మార్చే ఆ కాసేపూ పనివాళ్ళ సందడిలో చెవి ఒగ్గి వినే తీరిక ఎవరికీ లేదు. ప్రతిసారీ మండలిని పిలిచేవాడు, ప్రతిసారీ వాల్యూము పెంచి చెవి ఒగ్గేవాడు, ప్రతిసారీ ఆ "స్స్" అక్కడే ఉండేది. ఆయన మొహంలో నెత్తుటిచుక్క ఉండేది కాదు. నిద్ర పట్టడం లేదని నా గితేతో చెప్పుకున్నాడట. జొంగ్‌దల్ ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఆ వెచ్చటిచోటే చూసుకుని కూర్చునేవాడు.

"నేల రొద తగ్గిందంటావా ప్యో?" అని ఒకసారి ఆయనే అడిగాడు, పాపం, అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు.

"లేదండీ. నేల రొదే. ఇంకా ఉంది" అన్నాడు జొంగ్‌దల్, అక్షరం అక్షరం నములుతూ. ఉన్నదున్నట్టే చెప్పాడు. ఆ పూట మెట్లు దిగుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒంటరిగా నవ్వాడు.

శీతాకాలపు కిమ్చీ పెట్టడాలు అయిపోయాక, డిసెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం నొన్‌సాన్ అవ్వ దుకాణానికొచ్చింది. ఆమెది 701, సరిగ్గా కూ బొన్‌సూ కింది ఇల్లు. అసలు పేరేమిటో ఎవరికీ గుర్తులేదు, పుట్టింటి ఊరు పేరే ఆమె పేరు. ఎనభై ఒకటి నిండాయి. వాచ్‌మన్‌నీ మేనేజరునీ కూ బొన్‌సూనీ అందరినీ నువ్వనే అనేది. జొంగ్‌దల్‌నైతే నాయనా అనేది. పదమూడేళ్ళ కింద ఆమె వంటింట్లో లీకు పట్టింది అతనే. ఊరంతా మొద్దుచెవి అంటున్నప్పుడు "ఆ అబ్బాయి చెవిని నేనెరుగుదును, మీ మొహాలు" అని వాచ్‌మన్ల మీద కేకలేసింది ఆమె ఒక్కతే.

"నాయనా, మా పడకగది పైకప్పు చెమట పడుతోందిరా" అంది కూర్చుంటూ. "పైకప్పుకు అంటించిన కాగితమంతా నల్లబడిపోయింది. ప్రెసిడెంటు దిగొచ్చి చూశాడు. లీకు కాదంట. నేను తలుపులన్నీ బిగించుకుని కూర్చుంటున్నానంట, ఇంట్లో ఆవిరే పైకెళ్ళి తడి అవుతోందంట. కిటికీలు తీసి పెట్టుకోమన్నాడు. నువ్వొకసారి వచ్చి చెవి పెట్టి పోరాదూ?"

జొంగ్‌దల్ చేతిలో కత్తి ఆగింది. వెళ్ళి చెవి పెడితే చెప్పక తప్పదు. చెబితే ఆటంతా ముగిసిపోతుంది. కూ బొన్‌సూ మూడో రిసీవర్ కోసం వెతుకుతున్నాడని అంతకు రెండు రోజుల ముందే విన్నాడు.

"ఆఫీసువాళ్ళు పిలవకుండా నేను కడ్డీ పెట్టకూడదవ్వా."

"అంతేనా? మరి కిటికీలు తెరిచి పెట్టుకోనా? చలి గడగడలాడిస్తోంది నాయనా. అయినా నువ్వు చెబితే తెరుస్తా."

ఆవిడ అతని మొహంలోకే చూస్తోంది. జొంగ్‌దల్ ముల్లంగి వైపు చూశాడు.

"తెరవండి" అన్నాడు. "కాస్త తెరిస్తే పోతుంది."

అవ్వ తలూపి, కింబాప్ పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది. వెదురుచాపతో కింబాప్ చుడుతున్న ఒక్‌బున్ చేతులు ఆపి మొగుడి వైపు చూసింది. పాతికేళ్ళ కాపురంలో అతనికి అబద్ధమాడటం రాదని ఆమెకు తెలుసు.

"నువ్వేదో విన్నావు" అంది.

"నన్నెవరు పిలిచారు? ఎవరైనా పిలిచారా?"

"నేనడిగింది అది కాదు."

"నీ ఎదురుగా నన్నేమన్నాడో మర్చిపోయావా? పళ్ళెం పట్టుకుని నిలబడ్డావుగా! ఆఫీసుకు ఫోను చేసి మా ఆయన్ను పిలవండని నువ్వెన్నిసార్లు చెప్పావు? పిలిచారా? పిలవనీ. ఆయనే వచ్చి అడగనీ. అప్పటిదాకా నేను మొద్దుచెవినే!"

ఆ రోజంతా ఒక్‌బున్ కింబాప్‌లు విడిపోయేలా వదులుగా చుట్టింది. జొంగ్‌దల్‌కు అవ్వ మీద జాలి కలగకపోలేదు. రెండు మూడుసార్లు గేటు దాటి మూడో బ్లాకు దాకా నడిచాడు కూడా. ఏడో అంతస్తు కిటికీ బార్లా తెరిచి ఉంది, తెర బయటికి ఎగురుతోంది. పైన ఎనిమిదో అంతస్తులో కూ బొన్‌సూ హాలు దీపం కనబడింది. దాన్ని చూడగానే జూన్ నెల నవ్వులు మళ్ళీ చెవుల్లో మోగాయి. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

ఫిబ్రవరి చివరి ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర. మూడో రిసీవర్. మండలి అంతా చేరింది. కూ బొన్‌సూ సగానికి చిక్కిపోయి ఉన్నాడు. వాల్యూము పూర్తిగా పెంచాడు. రొద అంతకుముందుకన్నా పెద్దదైంది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అప్పుడే తలుపు గంట మోగింది.

నొన్‌సాన్ అవ్వ. పక్కన వాచ్‌మన్. ఆమె చేతిలో ఒక చెక్క తలుపు. ముత్యపుచిప్పలు పొదిగిన పెళ్ళినాటి బీరువాకు ఒక రెక్క. తడికి ఉబ్బి, పొదిగిన కొంగల్లో సగం ఊడిపోయి ఉన్నాయి.

"ఏమయ్యా ప్రెసిడెంటూ," అంది దగ్గుతూ. "డిసెంబరు నుంచి కిటికీలు తెరుచుకునే పడుకుంటున్నా. ఇవాళ పైకప్పు కాగితం చిరిగి నీళ్ళు బీరువా మీదే పడ్డాయి. ఇదీ నా ఊపిరి ఆవిరేనా?"

"అవ్వా, మా ఇంట్లో లీకేం లేదు, మిషన్లవాళ్ళని రేపు పిలిపించి..."

అవ్వ ఆయన మాట వినడం లేదు. లోపల కూర్చున్నవాళ్ళలో జొంగ్‌దల్‌ను చూసింది. మొహం విప్పారింది. "ఓరి నాయనా, నువ్విక్కడే ఉన్నావా! ఇంకెవరూ వద్దు నాకు. నువ్వు విను. ఇప్పుడే విను!"

అందరూ జొంగ్‌దల్ వైపు తిరిగారు. ఇన్ని నెలలూ అతను ఎదురుచూసిన క్షణం అదే. కంగారు పడలేదు, కడ్డీ తెస్తానని కూడా అనలేదు. లేచి నిలబడి మెల్లగా అన్నాడు.

"ప్రెసిడెంటు గారూ, ఆ రిసీవర్ ఒకసారి ఆపండి."

"ఆపకూడదు, నీకు తెలుసుగా..."

"ఆపండి."

కూ బొన్‌సూ చెయ్యి చాచి మీట నొక్కాడు. నీలం దీపం ఆరిపోయింది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, చచ్చిన యంత్రం ముందు, "స్స్..." అని ఆ రొద అలాగే ఉంది. ఏడుగురూ విన్నారు. వాచ్‌మన్ కూడా విన్నాడు. కూ బొన్‌సూ గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మీరన్నది నిజమేనండి" అన్నాడు జొంగ్‌దల్. "నేల రొదే. నేలలోంచి వస్తోంది."

నా గితే, ఇంకొకతనూ కలిసి అరను పక్కకు లాగారు. జొంగ్‌దల్ వంగనైనా వంగకుండా బొటనవేలితో తట్టి "ఇక్కడ" అన్నాడు. కిందికి వెళ్ళి బండిలోంచి సుత్తీ ఉలీ తెచ్చాడు. కూ బొన్‌సూ పగలగొట్టమని తలూపాడు. కూతవేటు దూరం వినబడేలా పావుగంట కొట్టాక సిమెంటు పెళ్ళ లేచింది. గోరువెచ్చటి నీళ్ళు ఉబికి వచ్చాయి. మట్టి తుడిచి చూపిస్తే, పచ్చబడ్డ రాగి గొట్టం మీద సూది మొన దూరేంత చిల్లు.

"అమ్మో అన్నగారూ!" అన్నాడు నా గితే. "కడ్డీ కూడా పెట్టలేదు! ఒక్క నిమిషంలో పట్టేశారు!"

ఎవరో చప్పట్లు కొట్టారు. కూ బొన్‌సూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ చిల్లునే చూస్తున్నాడు. తల ఎత్తకుండా, "ప్యో గారూ, నాదే తప్పు. నేనే మొద్దుచెవిని" అన్నాడు. మొదటిసారి గారూ అన్నాడు.

అక్కడ నోరు కట్టుకుంటే జొంగ్‌దల్ బాగుపడిపోయేవాడు. కావలసిందంతా దొరికింది. అవతలివాడు నలుగురిలో మోకాళ్ళ మీద కూర్చుని ఒప్పుకున్నాడు. కానీ పగకు ఎప్పుడూ ఇంకొక్క ముద్ద కావాలి. ఒక్క నిమిషంలో పట్టాడనడం అతనికి చాలలేదు. ఈ చెవి ఎంతటిదో వీళ్ళకింకా తెలియలేదని ఉక్రోషం పొడుచుకొచ్చింది.

"ఒక్క నిమిషమేంటి?" అన్నాడు. "అక్టోబరులోనే విన్నాను. మీ మొదటి రిసీవర్ వచ్చిన రోజే. ఇక్కడే కూర్చున్నాను, నా మడమ కింద వెచ్చగా తగిలింది. చెప్పబోయాను కూడా. ద్రాక్షపళ్ళు తినమన్నారుగా! తిన్నాను. మూడు రిసీవర్లు మార్చేదాకా కూర్చుని తింటూనే ఉన్నాను!"

నవ్వాడు. నవ్వు అతనొక్కడిదే. చప్పట్లు కొట్టిన మనిషి చేతులు దించుకున్నాడు. నా గితే మొహం పక్కకు తిప్పుకున్నాడు. గొట్టంలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కట్టెయ్యాలన్న ధ్యాస ఎవరికీ లేదు.

గుమ్మం దగ్గర అవ్వ ఆ రెక్కను గోడకు ఆనించి నిలబడి ఉంది. ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"అక్టోబరులోనా?" అంది.

జొంగ్‌దల్‌కు అప్పుడు స్పృహ వచ్చింది. "అవ్వా, అది..."

"కిమ్చీలు పెట్టాక కదా నేను దుకాణానికి వచ్చింది. అప్పటికే మీకు తెలుసు."

మీకు అంది. పదమూడేళ్ళలో ఆవిడ నోట అతనికి ఆ మాట ఎప్పుడూ రాలేదు.

"అవ్వా, నేను ఆఫీసు..."

"తెరవమన్నారు" అంది అవ్వ. కోపంగా కాదు, జ్ఞాపకం చేసుకుంటున్నట్టుగా. "ఆయన చెప్పినప్పుడు సగమే తెరిచాను. మీరు చెప్పారని మొత్తం తెరిచాను." కాసేపు దగ్గింది. వాచ్‌మన్ పట్టుకోబోతే చెయ్యి అడ్డుపెట్టింది. తర్వాత నడుము వంచి, పరాయి పెద్దమనుషులకు పెట్టే దండం అతనికి పెట్టింది. "వచ్చి విన్నందుకు చాలా సంతోషమండీ. శ్రమ ఇచ్చాను మీకు."

బీరువా రెక్కను వాచ్‌మన్ మోసుకుని వెళ్ళాడు. జొంగ్‌దల్ గొట్టం అతికించాడు, సిమెంటు మెత్తాడు, చేతులు కడుక్కున్నాడు. కూ బొన్‌సూ చెప్పులు అందించాడు. రిసీవర్‌ను మళ్ళీ ఎవరూ పెట్టలేదు.

అవ్వ ఇంటి పైకప్పు కూ బొన్‌సూ బాగుచేయించాడు. బీరువాను బాగుచేసేవాళ్ళు లేరన్నారు. మొద్దుచెవి అన్న మాట సొల్‌మేలో మళ్ళీ ఎవరూ అనలేదు. మేలో రెండో బ్లాకులో వంటింటి గొట్టం పగిలిందని తెలిసి జొంగ్‌దల్ తానే ఆఫీసుకు ఫోను చేశాడు. మిషన్లవాళ్ళకు చెప్పేశామన్నాడు మేనేజరు. కాస్త తటపటాయించి, "మీ చెవి మీద ఎవరికీ అనుమానం లేదు ప్యో గారూ" అని పెట్టేశాడు.

ఆ వారంలోనే అవ్వ దుకాణానికొచ్చింది. ఒక్‌బున్ వెనక గదిలో అన్నం దించుతోంది. జొంగ్‌దల్ గబగబా లేచి కుర్చీ లాగాడు, వేడి చారు గిన్నె తెచ్చి ముందు పెట్టాడు, చాప మీద నాచు పరిచి కింబాప్ చుట్టబోయాడు.

"అయ్యో, మీరెందుకండీ, కూర్చోండి" అంది అవ్వ నవ్వుముఖంతో. "మీ ఆవిడ వచ్చేదాకా ఆగుతాను."

ఆగింది. చారు గిన్నె ముట్టుకోలేదు.